ఆకాశంలో నలభై నిమిషాలు.. నేలపై నాలుగున్నర గంటలు!

* చెంతనే విమానాశ్రయం.. దిగువ డెల్టాకు తరగని దూరం
* హైదరాబాద్ ప్రయాణంలో మిగిలే సమయం స్వల్పమే
* ఢిల్లీ, గల్ఫ్, సింగపూర్ మార్గాలతోనే అసలు మేలు

ఉయ్యూరు: గన్నవరం విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి గగన మార్గంలో దూరం సుమారు 265 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది నలభై, నలభై అయిదు నిమిషాలు. ఈ లెక్క వినగానే హైదరాబాద్ పక్క ఊరైపోయినట్లు అనిపిస్తుంది. అయితే ఉయ్యూరులో ఇంటి గడప దాటిన ప్రయాణికుడు హైదరాబాద్‌లో బంధువుల గడప తొక్కే వరకు గడియారం చూసుకుంటే అయిదు గంటల పైనే అవుతోంది. అందులో ఆకాశయానం ఏడో వంతుకు మించదు. మిగిలిన సమయమంతా నేల మీదే కరిగిపోతోంది.

విమానయానం గురించి మాట్లాడేటప్పుడు రెండు నగరాల మధ్య దూరమెంత, ఎన్ని గంటల్లో చేరవచ్చు అన్న ప్రశ్నలే ముందుగా వస్తాయి. ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ వాసులకు ఆ రెండూ చాలవు. విమానాశ్రయానికి చేరేందుకు ఎంతసేపు పడుతుంది, దిగిన చోటు నుంచి గమ్యానికి ఎంతసేపు పడుతుంది అన్న మరో రెండు ప్రశ్నలు జతచేస్తే తప్ప ప్రయాణం లెక్క తేలదు. ఆ లెక్క వేసి చూస్తే గన్నవరం విమానాశ్రయం వల్ల దిగువ డెల్టాకు ఎక్కడ మేలు జరుగుతోందో, ఎక్కడ జరగడం లేదో స్పష్టమవుతుంది.

గన్నవరం నుంచి ఎంతెంత?

పటంపై సూటిగా గీత గీసి కొలిచినట్లు చూస్తే గన్నవరం నుంచి ముఖ్య నగరాలకు గగన దూరాలు, టికెట్లపై సాధారణంగా చూపే ప్రయాణ కాలం సుమారుగా ఇలా ఉంటాయి.

హైదరాబాద్ (శంషాబాద్): 265 కి.మీ., గంట నుంచి గంటా పది నిమిషాలు
విశాఖపట్నం: 290 కి.మీ., గంట
చెన్నై: 400 కి.మీ., గంటా పావు
బెంగళూరు: 500 కి.మీ., గంటా పావు నుంచి గంటన్నర
ముంబయి: 885 కి.మీ., రెండు గంటల లోపు
ఢిల్లీ: 1,390 కి.మీ., రెండుంబావు నుంచి రెండున్నర గంటలు
షార్జా: 2,800 కి.మీ., నాలుగు గంటల పైచిలుకు
సింగపూర్: 3,050 కి.మీ., నాలుగు గంటల పైచిలుకు

ఈ పట్టికలో ఓ విశేషం ఉంది. హైదరాబాద్‌కు 265 కిలోమీటర్లు వెళ్లేందుకు గంటకు పైగా పడుతుంటే, దానికి అయిదు రెట్లకు మించి దూరంలో ఉన్న ఢిల్లీకి రెండున్నర గంటలే చాలుతోంది. సగటు వేగం తీస్తే హైదరాబాద్ మార్గంలో గంటకు 240 కిలోమీటర్ల వద్దే ఆగిపోగా, ఢిల్లీ మార్గంలో 600 కిలోమీటర్లకు చేరుతోంది. ప్రయాణం ఎంత పొట్టిదైతే విమానం అంత నెమ్మదైన వాహనమన్న మాట.

గంట ఎందుకు పడుతోంది?

జెట్ విమానం పూర్తి ఎత్తులో గంటకు 800 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. చిన్న పట్టణాల మధ్య తిరిగే రెక్కల పంకాల ఏటీఆర్ విమానాల వేగం 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ లెక్కన హైదరాబాద్‌కు ఇరవై, ముప్పై నిమిషాలు చాలాలి. కానీ టికెట్‌పై ముద్రించే సమయం గాలిలో ఎగిరిన సమయం కాదు. విమానం తలుపు మూసుకుని నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, గమ్యంలో ఆగి నిలిచే వరకు పట్టే మొత్తం కాలం అది. రన్‌వే చివరి వరకు నేలపై పాకడం, ముందున్న విమానాలు లేచే వరకు వేచి ఉండడం, గాలికి ఎదురుగా లేచి ఆ తరువాత దిశ మార్చుకోవడం, దిగే ముందు వరుసలో చేరడం.. ఇవన్నీ అందులోనే ఉంటాయి. ప్రయాణం 265 కిలోమీటర్లయినా, 1,390 కిలోమీటర్లయినా ఈ తంతు తప్పదు. పైగా పొట్టి ప్రయాణంలో విమానం పైకెక్కి పూర్తి వేగం అందుకునే సరికే కిందికి దిగాల్సిన వేళ వచ్చేస్తుంది.

గాలి వాటం కూడా లెక్కలోకి వస్తుంది. ఎత్తున వీచే గాలులు చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి నుంచి తూర్పుకు బలంగా సాగుతాయి. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు అవి ఎదురవుతాయి. వచ్చేటప్పుడు వెన్నుతడతాయి. అందుకే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి వెళ్లడానికి నాలుగు గంటల వరకు పడితే, తిరుగు ప్రయాణం మూడున్నర గంటల్లోనే ముగుస్తుంది. దూరం అదే, కాలం వేరు.

టికెట్‌పై కనిపించే వేళలు సైతం కొత్తవారిని తికమక పెడుతుంటాయి. బయలుదేరే వేళ బయలుదేరే దేశపు గడియారం ప్రకారం, చేరే వేళ చేరే దేశపు గడియారం ప్రకారం ఉంటాయి. మన దేశ ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 1/2 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచే సాగుతుంది. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. దుబాయ్, షార్జా గడియారాలు గంటన్నర వెనుక ఉంటాయి. ఉదయం పదింటికి బయలుదేరి సింగపూర్‌లో సాయంత్రం నాలుగున్నరకు చేరతారని టికెట్‌పై ఉంటే ఆరున్నర గంటల ప్రయాణమని భావించనక్కర్లేదు. అసలు ప్రయాణం నాలుగు గంటలే.

నిమిషంన్నర దూరానికి గంట!

ఉయ్యూరు నుంచి గన్నవరం విమానాశ్రయానికి పక్షి ఎగిరిన దారిన దూరం 19 కిలోమీటర్లు మాత్రమే. పూర్తి వేగంతో వెళ్లే జెట్ విమానం ఈ దూరాన్ని నిమిషంన్నర లోపే దాటేస్తుంది. నేల మీద మాత్రం ముప్పావుగంట నుంచి గంట పడుతోంది. కారణం కాలువలు. ప్రకాశం బ్యారేజీ ఎడమ గట్టు నుంచి చీలిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు, వాటి పిల్ల కాలువలు డెల్టాను పచ్చగా ఉంచుతున్నాయి. గ్రామాల మధ్య దారులు ఆ కాలువ గట్లను అనుసరించే వంపులు తిరిగాయి. నీరు పారే దిశ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. ప్రధాన రహదారి కూడా అదే దిశలో బెజవాడ నుంచి బందరుకు సాగింది. విమానాశ్రయం మాత్రం ఉయ్యూరుకు ఉత్తరాన ఉంది. కాలువలకు అడ్డంగా వెళ్లాల్సిన దారి కనుక సూటి మార్గం లేకపోయింది.

ఉయ్యూరు ప్రయాణికుడికి రెండు దారులున్నాయి. మొదటిది 65వ నంబరు జాతీయ రహదారిపై విజయవాడ బెంజి సర్కిల్‌కు చేరి, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై గన్నవరం వెళ్లడం. ఇది యాభై కిలోమీటర్లకు చేరువ. నగరంలో రద్దీ ఉంటే సమయం చెప్పలేం. రెండోది కంకిపాడు వద్ద జాతీయ రహదారిని విడిచి గ్రామీణ మార్గాల్లో ఉత్తరానికి సాగడం. దూరం దాదాపు సగానికి తగ్గుతుంది. అయితే వరి కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు, క్రషింగ్ సీజనులో చెరకు బండ్లు ఎదురైతే ఇరుకు దారిపై వాహనాలు తప్పుకోవడమే కష్టం.

ఉయ్యూరు దిగువన ఉన్న పట్టణాలకు కష్టం మరింత ఎక్కువ. గుడివాడ నుంచి విమానాశ్రయానికి సూటిగా 23 కిలోమీటర్లు ఉండగా, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళితే నలభై కిలోమీటర్ల వరకు ప్రయాణించాలి. మచిలీపట్నం నుంచి సూటి దూరం 53 కిలోమీటర్లు, రోడ్డు మార్గంలో అరవై అయిదు పైమాటే. అవనిగడ్డ నుంచి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా వచ్చేవారికి డెబ్బయి కిలోమీటర్లు దాటుతుంది. నాగాయలంక, కోడూరు వాసులు ఇంకా ముందుగా బయలుదేరాలి. ఉదయం ఏడింటి విమానానికి దివిసీమలో మూడో జాముకే లేవాల్సి వస్తుంది.

హైదరాబాద్‌కు ఏది మేలు?

ఉయ్యూరు నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లికి విమానంలో వెళ్లే కుటుంబం లెక్క చూద్దాం. ఇంటి నుంచి గన్నవరానికి గంట. విమానం వేళకు గంటన్నర ముందుగా చేరాలి. విమానంలో గంటకు కొద్దిగా ఎక్కువ. శంషాబాద్‌లో దిగి సామాను తీసుకుని బయటపడేందుకు ఇరవై అయిదు నిమిషాలు. అక్కడి నుంచి కూకట్‌పల్లికి గంటా పావు. మొత్తం అయిదుంబావు గంటలు.

అదే కుటుంబం కారులో బయలుదేరితే ఆరు గంటలకు అటూ ఇటూ ఇంటికి చేరుతుంది. 2023 జనవరి 15న ప్రారంభమైన విశాఖపట్నం - సికింద్రాబాద్ వందేభారత్ రైలు విజయవాడ, సికింద్రాబాద్ మధ్య దూరాన్ని సుమారు నాలుగు గంటల్లో దాటుతోంది. ఉయ్యూరు నుంచి స్టేషన్‌కు, సికింద్రాబాద్ నుంచి ఇంటికి పట్టే సమయం కలిపినా ఆరుంబావు గంటలే. అంటే విమానంతో మిగిలేది ఓ గంట. ఖర్చు మాత్రం కొన్ని రెట్లు. నలుగురున్న కుటుంబానికి ఆ గంట ఎంత ఖరీదైనదో చెప్పనక్కర్లేదు.

2008 మార్చి 23న హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలింది. అంతకుముందు విమానం దిగితే నగరం నడిబొడ్డున ఉన్నట్లే. ఆ తరలింపుతో గన్నవరం - హైదరాబాద్ గగన దూరం నాలుగైదు కిలోమీటర్లు తగ్గినా, ప్రయాణికుడి ఇల్లు దూరమైంది. గగన దూరం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుందనేందుకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

శంషాబాద్ నుంచి మరో దేశానికి, మరో నగరానికి విమానం మారేవారి సంగతి వేరు. వారికి నగర ప్రయాణం ఉండదు కనుక గన్నవరంలో ఎక్కడమే మేలు. ఢిల్లీ వెళ్లేవారికైతే పోలికే లేదు. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు మార్గం సుమారు 1,750 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలులో ఒక పగలు, ఒక రాత్రి గడవాలి. విమానంలో గడప నుంచి గడపకు ఆరున్నర గంటలు. చికిత్సకు, ఉద్యోగ పరీక్షకు, కోర్టు పనికి వెళ్లేవారికి ఇది రోజుల లెక్కలో మిగులు.

సైనిక స్థావరం నుంచి అంతర్జాతీయ హోదాకు..

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాలకు ఉపయోగపడిన గన్నవరం మైదానం ఆ తరువాత పౌర విమానాశ్రయమైంది. చాలాకాలం విమానాలు అరకొరగానే తిరిగాయి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ - విజయవాడ సర్వీసుకు శ్రీకారం చుట్టింది. ప్రముఖులు ఎక్కిన ఆ తొలి విమానం బేగంపేటలో లేవకముందే ఇంజిన్‌లో మంటలు రావడం అప్పట్లో సంచలనం కలిగించింది. ప్రాణనష్టం తప్పింది, సర్వీసు నిలదొక్కుకుంది. చవక టికెట్లతో మధ్య తరగతికి విమానం పరిచయమైంది.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగాక, అమరావతి రాజధాని కావడంతో గన్నవరం దశ మారింది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ అందుబాటులోకి రాగా, అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం అంతర్జాతీయ హోదా కల్పించింది. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. దీనికోసం బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి తదితర గ్రామాల రైతులు పచ్చని పొలాలు వదులుకున్నారు.

రన్‌వే పొడవుకూ, వెళ్లగల దూరానికీ నేరుగా సంబంధం ఉంది. దూర ప్రయాణానికి ఇంధనం ఎక్కువ కావాలి. బరువు పెరిగిన విమానం లేవడానికి ఎక్కువ పరుగు తీయాలి. రోహిణీ కార్తె ఎండలకు గాలి పలచబడినప్పుడు రెక్కలకు పట్టు తగ్గుతుంది కనుక మరింత పొడవు అవసరమవుతుంది. పాత రన్‌వే హైదరాబాద్, చెన్నైలకు చాలినా, నాలుగైదు వేల కిలోమీటర్లు ఎగిరే పెద్ద విమానాలకు చాలదు. కొత్త రన్‌వేతో ఆ అడ్డంకి తొలగింది.

అయినా దూర ప్రాంతాల సర్వీసులు నిలకడగా సాగలేదు. 2018 డిసెంబరు 4న ఇండిగో సంస్థ సింగపూర్‌కు నేరుగా విమానం ప్రారంభించింది. సీట్లు నిండకపోతే నష్టాన్ని భర్తీ చేసేందుకు రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావడంతో అది సాధ్యమైంది. 2019లో ఆ ఏర్పాటు ఆగడంతో విమానమూ ఆగింది. 2022 అక్టోబరు 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు సర్వీసు మొదలుపెట్టింది. సింగపూర్ సర్వీసు తిరిగి పట్టాలెక్కేందుకు 2025 నవంబరు వరకు ఆగాల్సి వచ్చింది. మార్గం తెరవడం ఒక ఎత్తు, నిలపడం మరో ఎత్తు అని ఈ అనుభవం చెబుతోంది.

కడచూపునకు అడ్డు నిలిచే చివరి మెట్టు

దిగువ డెల్టాలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు లేని ఊరు అరుదు. ఊళ్లో మిగిలింది వృద్ధులైన తల్లిదండ్రులు. ఏ అర్ధరాత్రో ఫోను మోగి తండ్రి ఇక లేరన్న కబురు డాలస్‌కు చేరితే, అక్కడి కుమారుడి ముందున్న దూరం సుమారు 15,800 కిలోమీటర్లు. డాలస్ నుంచి దుబాయ్‌కి 12,900 కిలోమీటర్లు, పద్నాలుగున్నర గంటలు. అక్కడ విమానం మారేందుకు మూడు, నాలుగు గంటలు. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. శంషాబాద్‌లో తనిఖీలు, సామాను ముగించుకుని బయటపడేందుకు గంటన్నర. అక్కడి నుంచి అవనిగడ్డకు రోడ్డుపై సుమారు 350 కిలోమీటర్లు, ఏడు గంటలు. మొత్తం ముప్పై గంటలు. ఊళ్లో అంతసేపూ భౌతికకాయం ఫ్రీజర్ పెట్టెలో ఎదురు చూస్తుంది. బంధువులు అరుగుల మీద కూర్చుని అబ్బాయి ఎక్కడిదాకా వచ్చాడని అడుగుతూనే ఉంటారు.

ఆ ప్రయాణంలో చివరి 350 కిలోమీటర్లు మొత్తం దూరంలో నలభయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. కాలంలో మాత్రం దాదాపు నాలుగో వంతు. గల్ఫ్ నుంచి గన్నవరానికే విమానం దొరికితే సుమారు 2,800 కిలోమీటర్లు మూడు ముప్పావు గంటల్లో పూర్తవుతాయి. దివిసీమకు మరో గంటా ముప్పావు. ముప్పై గంటలు ఇరవై అయిదుకు దిగుతాయి. ఆ అయిదు గంటలే ఒక్కోసారి పొద్దుగుంకే లోపు అంత్యక్రియలకు అందుకోవడానికీ, అందుకోలేకపోవడానికీ మధ్య తేడా.

ప్రమాదం సంగతీ మరువరాదు. విదేశాల నుంచి వచ్చే విమానాల్లో అనేకం శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగుతాయి. రోజంతా విమానంలో గడిపిన ప్రయాణికుడు, రాత్రంతా మేల్కొన్న డ్రైవరు కలిసి నిద్రమత్తులో ఆరేడు గంటలు జాతీయ రహదారిపై ప్రయాణిస్తారు. గన్నవరంలో దిగితే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

చేయాల్సింది ఏమిటి?

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లగా, గన్నవరం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే మిగిలింది. పేరుకు విజయవాడ విమానాశ్రయమే అయినా అది ఉన్నది కృష్ణా జిల్లా గడ్డపై. ఆ జిల్లా కేంద్రం నుంచి, ప్రధాన పట్టణాల నుంచి విమానాశ్రయానికి సూటి దారి ఉండాలన్నది న్యాయమైన కోరిక.

ముందుగా కంకిపాడు వైపు నుంచి గన్నవరానికి వెళ్లే గ్రామీణ మార్గాన్ని విస్తరించి, కాలువలపై ఇరుకు వంతెనలను వెడల్పు చేయాలి. ఉయ్యూరుకే కాదు, పామర్రు, మచిలీపట్నం, దివిసీమలకూ అదే దగ్గరి దారి. గుడివాడ నుంచి సైతం సూటి మార్గాన్ని మెరుగుపరిస్తే హనుమాన్ జంక్షన్ చుట్టు తప్పుతుంది. రెండోది, విమాన వేళలకు అనుసంధానంగా మచిలీపట్నం, అవనిగడ్డ, గుడివాడ డిపోల నుంచి బస్సులు నడపడం. తెల్లవారుజాము విమానానికి కారు కిరాయి ఇవ్వలేని విద్యార్థికి, గల్ఫ్ కార్మికుడికి ఇది అక్కరకొస్తుంది. మూడోది, పాలకులు కొత్త సర్వీసులు కోరేటప్పుడు హైదరాబాద్‌కు మరో విమానం కన్నా గల్ఫ్ కేంద్రాలకు నిలకడైన సర్వీసుకు ప్రాధాన్యమివ్వడం. ఖాళీ సీట్ల నష్టాన్ని కొంతకాలం భరించే ఏర్పాటు చేస్తే, దానిని ప్రయాణికులు అలవాటు పడే వరకు కొనసాగించాలి. మధ్యలో ఆపితే సింగపూర్ అనుభవమే పునరావృతమవుతుంది.

శీతకాలంలో డెల్టాపై కమ్మే పొగమంచునూ లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఉదయాల్లో విమానాలు గాలిలో చక్కర్లు కొట్టడం, వేరే విమానాశ్రయానికి మళ్లడం గన్నవరానికి కొత్త కాదు. దూర ప్రాంతాల విమానాలను పొద్దెక్కాక దిగేలా ఏర్పాటు చేస్తే ప్రయాణికుల ఇబ్బంది తగ్గుతుంది.

గన్నవరం నుంచి హైదరాబాద్ దూరాన్ని ఎవరూ తగ్గించలేరు. విమానం వేగాన్నీ పెంచలేరు. తగ్గించగలిగింది ఉయ్యూరు నుంచి గన్నవరం దూరాన్నే. పక్షికి 19 కిలోమీటర్లుగా ఉన్న దారి మనిషికి గంట ప్రయాణంగా ఉన్నంత కాలం దిగువ డెల్టా వాసులకు విమానం నెత్తిమీద మోతగానే మిగులుతుంది.